ఉతక్కూడని జంపఖానా

సాయంత్రం ఆరయిందంటే తెర్హి ఇంట్లో తతంగం మొదలు. ఫోను బీరువాలోకి, జావ గిన్నెలోకి, పిల్ల స్నానానికి, కిటికీకి నల్లతెర. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకి రోజూ అన్నీ ఒకే వరసన జరిగితే నిద్ర కుదురుతుందని క్లినిక్ వాళ్లిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. తెర్హి కూతురు, ఎనిమిదేళ్ల సైమి ఆ కాగితాన్ని గడగడా అప్పజెబుతూ మంచం మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి మంచం మీదికి దూకుతుంది. ఒళ్లు పడుకున్నా కాళ్లు పడుకోవు. కాళ్లు పడుకున్నాయా, నోరు లేస్తుంది.

ఆ వరసలో ఆఖరిది జంపఖానా. బరువైన దుప్పటి కప్పితే కొందరు పిల్లలు కుదురుకుంటారని క్లినిక్‌లో చెప్పారు. తెర్హి తల్లి రౌహ కొట్లో దొరికే దుప్పటికి పెదవి విరిచి, పాతగుడ్డల పీలికలతో తను నేసిన జంపఖానా మోసుకొచ్చింది. అందులో రంపపు మిల్లులో నలభై ఏళ్లు చేసిన తాత చొక్కా ఉంది. చేపల ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి కాళ్లు వాచిన మేనత్త ఏప్రన్ ఉంది. ఎవరి గుడ్డలో వాళ్ల అలసట అలాగే ఉంది. కప్పిన పది నిమిషాలకి సైమి తాతంత అలిసిపోయి గుర్రు పెట్టేది. అంతకుముందు ఇదే పిల్ల, నిద్రలేక తూలుతూ కట్టెల కొట్టం పైకెక్కి, చెయ్యి విరగ్గొట్టుకుంది.

"దీన్ని మాత్రం ఉతక్కూడదు" అని రౌహ ముందే చెప్పింది.

కానీ నడివేసవి పండక్కి ముందు జంపఖానాలు ఉతకని ఇల్లాలు ఫిన్లండ్‌లో తలెత్తుకు తిరగలేదు, కోట్కా ఊళ్లో మరీను. సముద్రం ఒడ్డున అందుకోసమే ఒక రేవుంది. తెర్హి అక్కడ మూడు జంపఖానాలు తోమి ఆరేసింది.

"మరి నాలుగోది?" అంది పక్క బల్ల దగ్గర ఉతుకుతున్న ఐలి. ఆవిడది తెర్హి వాళ్ల కింది ఫ్లాటే. "పిల్ల కప్పుకునేదమ్మా. మెట్లదాకా వాసనొస్తోంది. నేనేం అనలేదనుకో."

తెర్హికి రోషం పొడుచుకొచ్చింది. సైకిలు మీద ఇంటికెళ్లి జంపఖానా తెచ్చి, పైన్ సబ్బు పట్టించి, కసిగా తోమింది. బూడిదరంగు నీళ్లు రేవు కిందికి పారాయి. రేవు కమ్మీ మీది సీగల్ పక్షులు వరసగా రెక్కల్లో తలలు దూర్చాయి. పడవలో ఉన్నాయన తెడ్లు వదిలేసి వెల్లకిలా పడుకున్నాడు. ఐలి తన తడి జంపఖానా మీదే ఒరిగిపోయింది.

"ఎవరో పాతది ఉతికినట్టున్నారు" అనుకుంటూ జనం ఆవిణ్ణి దాటుకుని పోయారు.

ఆరాక జంపఖానా చేతిరుమాలంత తేలిగ్గా ఉంది. నాలుగు రోజులు సైమి కంటిమీద కునుకు లేదు. ఐదో రోజు మధ్యాహ్నం మూడో అంతస్తు బాల్కనీ కమ్మీ ఎక్కి నిలబడింది. తెర్హి నడుం పట్టి లాగేసింది. వెంటనే తల్లిని పిలిపించింది.

"కొత్త పీలికలు కావాలి. ఈ రోజుల్లో ఎవరి బట్టల్లో ఉందే అలసట? పొద్దున వేసుకున్నది సాయంత్రానికి మెషీన్లో పడేస్తారు" అంది రౌహ. "నీదేదైనా ఉందా?"

"నాకేం అలసట? నేను బాగానే ఉన్నాను."

తెర్హి రోజూ పదకొండు ఇళ్లు తిరుగుతుంది. కదల్లేని ముసలివాళ్లకి మందులిచ్చి, ఒళ్లు తుడిచి, మేజోళ్లు తొడుగుతుంది.

"మీ నాన్నా ఇదే అనేవాడు" అంది రౌహ.

ఆ ఊళ్లో ఉన్నిబట్టలు మాత్రం ఉతకరు. బాల్కనీలో గాలికి ఆరేసి దులుపుతారు, అంతే. తెర్హి బూడిదరంగు స్వెటర్ ఆరు చలికాలాలుగా అలా దులుపుళ్లతోనే గడిపేసింది.

శనివారం పగలు దబ్బుమని చప్పుడైంది. మళ్లీ ఇంకోటి. కింద ఐలి చీపురుకర్రతో తన పైకప్పు పొడిచింది. తెర్హి పరుగున వచ్చి చూస్తే సైమి చేతిలో కత్తెర, నేలమీద స్వెటర్ పీలికలు.

"ఎవర్నడిగి కోశావే? నాకున్నది అదొక్కటే!"

సైమి వినిపించుకోలేదు. స్వెటర్ చెయ్యి కోసిన పీలికని రెండు చేతులా ఎత్తబోయి, ఎత్తలేక కూలబడింది.

"అమ్మా, ఇంత బరువేసుకుని సైకిలెలా తొక్కావే?"

తెర్హి తిట్టడానికే నోరు తెరిచింది. "అలిసిపోయానే" అంది. "చాలా అలిసిపోయాను." నలభై ఒక్కేళ్లలో ఆ మాట తన నోట రావడం అదే మొదలు. గోడకి జారగిలబడి ఏడ్చింది.

రౌహ మగ్గం ఎక్కింది. పీలికలు చుట్టిన నాడెని రెండు చేతులా తోయాల్సి వచ్చింది. మధ్యలో మూడుసార్లు మగ్గం మీదే నిద్రపోయింది. పిల్లకోసం మొదలెట్టిన జంపఖానా ఇద్దరికి సరిపడా తయారైంది.

సాయంత్రం ఎండ ఇంకా పైకప్పుల మీదే ఉంది. సైమి పడుకుని జంపఖానా అంచు ఎత్తి పట్టుకుంది.

"నువ్వూ రా. సగం నీదే."

"గిన్నెలున్నాయే."

"వాటికి నిద్ర రాదులే."

ఒక్క నిమిషమని ఒరిగింది తెర్హి. పిల్ల కాళ్లు నిద్రపోయాయి, తర్వాత నోరు. తెర్హి ఆ రెండింటికంటే ముందే నిద్రపోయింది.

పొద్దున ఫోను మోగితే రౌహ ఎత్తింది.

"తెర్హి రాదు. నిద్రపోతోంది."

"నిద్రా? ఎప్పుడు లేస్తుంది?" అంది అటునించి పై ఉద్యోగిని.

"ఆరు చలికాలాలదండీ. చెప్పలేను."

"పదకొండు ఇళ్లున్నాయమ్మా! ఒక్కరితో అయ్యే పనా? ఇప్పటికిప్పుడు ఇద్దర్ని వెతకాలి."

"ఇకమీదట కూడా ఇద్దర్నే పంపండి" అని రౌహ ఫోను పెట్టేసింది.

వెనక్కి తిరిగి చూస్తే సైమి లేచి ఉంది. తన సగం కూడా తల్లిమీదికి లాగి, కుర్చీ మంచం పక్కకి జరుపుకుని కూర్చుంది. రౌహ పిల్ల కాళ్ల వంక చూసింది. అవి కదలడం లేదు.