మిరియాల మచ్చలు

మునగాల దగ్గరి ఆ ఊళ్లో పట్టుపురుగులు పెంచేవాళ్లకు జానమ్మ చెయ్యే దవాఖాన. పురుగుల మీద ఆమె చెయ్యి పెడితే చాలు, పెబ్రిన్ తెగులు ఉంటే మోచేతి దాకా మిరియాల్లాంటి మచ్చలు తేలతాయి. తల్లి సీతాకోకచిలుక నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పురుగుకు, పురుగు నుంచి అది గూడు అల్లుకునే వెదురు చంద్రికకు పాకే ఆ కంటికానని ఏకకణ జీవిని ఆమె చర్మం పట్టేస్తుంది. అందులో వింతేముంది? రోజూ ఆకు వెయ్యబోయే ముందు కోడలు సుజాత ఆ చెయ్యి చూసుకునేది, పాలు విరిగాయేమో చూసుకున్నట్టే.

ఆ పొద్దున మచ్చలు తేలాయి. పురుగులు అప్పటికే పండి, గూళ్లు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. పాపం, వాటికోసం సుజాత నడుం విరగ్గొట్టుకున్నది.

"కాలబెట్టు బిడ్డా. చంద్రికలతో సహా," అన్నది జానమ్మ.

"జర ఆగత్తా! రేపో మాపో గూళ్లు కడ్తయ్. ఎవ్వరికీ చెప్పకు, నీ కాళ్లు మొక్కుత." సుజాత ఏడుస్తూనే, చేలో పనికి చీర మీద వేసుకునే మగచొక్కా తెచ్చి అత్తకు తొడిగింది. మణికట్ల దగ్గర గుండీలు పెట్టింది.

అప్పుడే పక్కింటి అశ్విని వచ్చింది. ఆమెకిది మొదటి పంట.

"అక్కా, చంద్రికలు సాల్తలేవు. రెండియ్యవా? పెద్దమ్మ చెయ్యి మంచిగున్నదా?"

చెయ్యి సంగతి అడగనిదే అక్కడ ఒకరి చంద్రిక ఇంకొకరు ముట్టరు. ఇయ్యనంటే అనుమానపడుతుంది.

"మంచిగనే ఉన్నది, తీస్కపో," అనేసింది సుజాత. కోడలి ఏడుపు చూడలేక జానమ్మ చొక్కా చెయ్యి ఇంకాస్త కిందికి లాక్కుంది.

తెల్లారేసరికి అత్త చెయ్యి శుభ్రంగా ఉంది. మచ్చలన్నీ సుజాత చేతి మీదున్నాయి. ఎంత రుద్దినా పోలేదు. సుజాత అశ్విని వాళ్ల షెడ్డుకు పరుగెత్తింది.

"అశ్వినీ, ఆ చంద్రికలు ముట్టకు! అబద్ధమాడిన. నా చెయ్యి సూడు!"

అశ్విని చూసింది. ఆమె వెనక చంద్రికల నిండా పురుగులు గూళ్లు అల్లుతున్నాయి.

"నిన్ననే ఎక్కించిన గదక్కా," అన్నది, అంతే.

రెండు షెడ్ల పురుగులూ ఒకే మంటలో పోయాయి.

ఇప్పుడు ఊరి పురుగులకు సుజాత చెయ్యే దిక్కు. ఎంత చలి పెట్టినా పొట్టిచేతుల జాకెట్టే వేస్తుంది. అశ్విని ఆమెతో మాట్లాడదు. ప్రతి పంటకూ పురుగుల చేట పట్టుకొని గడప బయట నిలబడుతుంది. సుజాత చెయ్యి పెట్టి, రెండు వైపులా తిప్పి చూపిస్తుంది. అశ్విని వంగి చూసి, మళ్లీ ఒకసారి చూసి గాని పోదు.