చెవిలో చెప్పిన ధర

పసుపు యార్డులో నా ధరను ఒక సీజను పొడుగునా దొంగిలించారు. దొంగలెవరో నాకు తెలుసు. ఒకరిద్దరు కాదు. ఆ గదిలో కూర్చున్న ప్రతివాడూ దొంగే.

మాది కర్నూలుకూ కడపకూ నడుమ ఉన్న ఊరు. పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు దాన్ని కూడా గొప్పగా చెప్పుకుంటారు. నేను పసుపు వ్యాపారిని. ఊరి బడిలో ఏడు దాకా చదివి మా నాన్న పక్కన దుకాణంలో కూర్చున్నాను. నలభై దాటాక నీటికాసులు వచ్చి రెండు కళ్లూ పోయాయి. చూపు పోయిందని వ్యాపారం మానలేదు. మానే అవసరం రాలేదు. ఎందుకంటే మా యార్డులో ధర నోటితో చెప్పేది కాదు, కంటితో చూసేదీ కాదు.

కుప్ప దగ్గర రైతు తరఫున అమ్మిపెట్టే మండీ సాహుకారి నిలబడతాడు. కొనేవాడు వెళ్లి అతని చేయి పట్టుకుంటాడు. రెండు చేతుల మీదా తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు మాట్లాడతాయి. కణుపు నొక్కితే ఒక అంకె, వేలంతా పట్టుకుంటే ఒక అంకె, రెండు వేళ్లు కలిపి పట్టుకుంటే ఇంకొకటి. పక్కనున్నవాడికి తువ్వాలు కదలడం తప్ప ఏమీ తెలియదు. అందరూ అయ్యాక హెచ్చు ధర ఎవరిదో సాహుకారి పైకి చెబుతాడు. ఆ తువ్వాలు కింద కళ్లున్నవాడికీ నాకూ తేడా లేదు. పుట్టినప్పటి నుంచి నేర్చిన విద్య కాబట్టి నా వేళ్లకు ఆలోచించే పని కూడా ఉండేది కాదు.

2005 ఎండాకాలంలో నా భార్య రాజ్యలక్ష్మి చనిపోయింది. మరుసటి ఏడు యార్డుకు కంప్యూటర్లు వచ్చాయి.

తువ్వాలు కింద బేరం మోసమన్నారు. రైతుకు ఏమీ తెలియడం లేదన్నారు. గోడౌను పక్కనున్న గదిలో బల్లలు వేసి కంప్యూటర్లు పెట్టారు. పొద్దున కుప్పలు చూసుకోవాలి. మధ్యాహ్నం ఆ గదిలోకి పోయి కుప్ప నంబరు కొట్టి, ధర కొట్టాలి. గంట మోగేదాకా ఎవడి ధర వాడికే తెలుస్తుంది. మోగాక తెర మీద హెచ్చు ధర పడుతుంది.

అందరికీ బాగుంది. నాకు తెర లేదు. నా ధర ఎవడో ఒకడి చెవిలో చెప్పి వాడి చేత కొట్టించుకోవాలి. ఎవడికి చెప్పేది? మా గుమాస్తా సాయంత్రం ఎవరి దుకాణం ముందు టీ తాగుతాడో నాకు తెలుసు. గంట మోగకముందే ధర బయటికి పోతే ఆ కుప్ప పోయినట్టే. రోజూ పోతే దుకాణం మూసుకోవాలి. నేను యార్డుకు పోవడం మానేసి ఇంట్లో కూర్చున్నాను.

అప్పుడు వచ్చాడు వేణుగోపాల్. రాజ్యలక్ష్మి తమ్ముడి కొడుకు. యార్డులో పెట్టిన ఆ ప్రోగ్రాం తయారుచేసింది కర్నూలులో వాడు పనిచేసే చిన్న కంపెనీయే.

"మామా, కంప్యూటరు నీతో మాట్లాడేటట్టు చేస్తా. నువ్వు ఏ బటన్ నొక్కితే అది నీ చెవిలో చెప్తాది. ఇంగెవురికీ వినపడదు" అన్నాడు.

"ఊరికేనా?"

"ఊరికేనే."

"ఊరికే ఎవడు చేస్తాడ్రా?"

"మొదులే చేసుండాల్సింది మామా. అందరికీ అని చేసి నిన్ను మర్చిపోయినాం."

"మర్చిపోయినోళ్లకు ఇప్పుడెట్ల గుర్తొచ్చినా?"

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. వాడికి పెళ్లి కుదిరిందని నాకు అప్పటికే తెలుసు. పిల్ల కేశవులు కూతురు శ్రీవాసవి. కేశవులు పసుపులో నాకు పోటీదారు. ఇద్దరం ఒకే కుప్ప దగ్గర నిలబడని రోజు లేదు. అలాంటివాడి ఇంటికి అల్లుడు కాబోతున్నవాడు వచ్చి, నీ ధర నాకు తెలియకుండా నువ్వే కొట్టుకో మామా అంటున్నాడు. నమ్మేవాడు ఎవడు? అయినా ఒప్పుకున్నాను. ఇంట్లో గోడలు వింటూ కూర్చోవడం కంటే అది మేలు.

ఇంగ్లీషు చదివే సాఫ్టువేర్లు ఉన్నాయి గానీ వాటికి తెలుగు అంకెలు పలకడం రాదట. అందుకని వాళ్లే ఒక్కొక్క అంకె రికార్డు చేశారు. వేణు హెడ్‌ఫోను నా తలకు తగిలించి మీట నొక్కాడు. ఆడపిల్ల గొంతు.

"ఎవురి గొంతురా ఇది?"

వాడు కొంచెం నసిగాడు. "వాసవిది మామా. కంపెనీలో అందరం మొగోళ్లమే. తానే ఒక ఆదివారం కూర్చోని చదివింది."

"కేశవులు కూతురా?"

"నాకు కాబోయే పెండ్లాం మామా."

"రెండూ ఒకటే."

అలా కేశవులు కూతురిని నా చెవిలో పెట్టుకొని పని నేర్చుకున్నాను. అంకెల మీటలలో ఐదు మీద చిన్న బొడిపె ఉంటుంది. అది దొరికితే మిగతావి వాటంతట అవే దొరుకుతాయి. మొదట్లో ఆ ప్రోగ్రాం ధర ఒక్కటే చెప్పేది, కుప్ప నంబరు చెప్పేది కాదు. నేను ఒక కుప్పకు అనుకున్న ధర ఇంకొక కుప్పకు కొట్టాను. వేణును పిలిపించి తిట్టాను. మార్చాడు. కొట్టింది తప్పయితే వెనక్కు తీసుకునే దారి లేదని మళ్లీ తిట్టాను. అదీ మార్చాడు. తిట్టినకొద్దీ వస్తుంటే నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది. పని లేకుండా ఇన్నిసార్లు కర్నూలు నుంచి బస్సెక్కి ఎవడు వస్తాడు?

పసుపు సీజను ఊపందుకుంది. నేను పట్టుకున్న మంచి కుప్ప ఒక్కటి కూడా నాకు రాలేదు. అన్నీ కేశవులుకు పోయాయి. పోవడం కూడా ఎట్లా? నా ధర మీద రవ్వంత ఎక్కువ. నేను తగ్గిస్తే తగ్గించి రవ్వంత ఎక్కువ. నేను పెంచితే పెంచి రవ్వంత ఎక్కువ. నేను చెత్త కుప్పలని వదిలేసినవి వాడూ వదిలేసేవాడు.

మొదట హెడ్‌ఫోనును అనుమానించాను. గదిలోకి నన్ను చేయి పట్టి తీసుకెళ్లేవాడు హమాలీ లేవి. వాడిని పక్కన నిలబెట్టి మీటలు నొక్కాను.

"ఏమన్నా వినపడ్తాందా?"

"నాకేం వినపడలా సెట్టీ. నీకే చెవుడొచ్చిందా యేంది?"

"నోరు మూసుకో."

"అడిగినేది నువ్వే, మూసుకోమనేది నువ్వే."

హెడ్‌ఫోను కాదు. అంటే లోపల ఉంది దొంగతనం. నేను నొక్కింది తీగల్లో పడి కేశవులు తెర మీదికి పోతోంది. ఇంక వేరే దారి లేదు.

అందుకని వల వేశాను. మూల షెడ్డులో పుచ్చు పట్టిన కుప్ప ఒకటి ఉంది. కొమ్ము విరిస్తే పిండి రాలుతోంది. దానికి ఎవడూ ధర పెట్టడు. నేను మంచి పసుపుకు పెట్టే ధర కొట్టి కూర్చున్నాను. గంట మోగింది. ఆ కుప్ప కేశవులు పేరున పడింది. రవ్వంత ఎక్కువతో.

గదిలో ఎవడో కిసుక్కుమన్నాడు. బయటికి వచ్చాక కేశవులు మాటలు విన్నాను. "గుడ్డోడు పట్టుకున్నాడంటే అడుగున ఏందో ఉంటాదనుకుంటిని కదప్పా" అని ఎవరితోనో అంటున్నాడు.

నాకు సాక్ష్యం దొరికింది. ఆ సాయంత్రమే వేణుకు ఫోను చేయించాను. "నీ ప్రోగ్రాం చెడిపోయింది, రా" అని మాత్రం చెప్పాను.

మరునాడు మధ్యాహ్నం గంటకు ముందు వచ్చాడు. గది నిండా వ్యాపారులు ఉన్నారు. నేను అందరికీ వినపడేటట్టే అడిగాను.

"మీ మామకు నా ధర ఎట్ల అందిస్తాండావురా?"

"ఏ మామకు?"

"పిల్లనిచ్చే మామకు. బిడ్డ గొంతు నా చెవిలో పెట్టి, నా ధర తండ్రి చేతిలో పెడ్తాండావు."

గదిలో కుర్చీలు కిర్రుమన్నాయి. వేణు నా బల్ల దగ్గరికి వచ్చాడు. తర్వాత తీగలు పీకుతున్న చప్పుడు వినబడింది.

"మామా, నీ కంప్యూటరు నుంచి బయటికి పోయే తీగ పీకేసినా. ఇప్పుడు ఇది యాడికీ పోదు. కేశవులు మామ కుర్చీలో నేనే కూచుంటా. నువ్వు దినామూ కొట్టినట్టే కొట్టు. ఎట్ల పోతాదో చూద్దాం."

కేశవులు లేచాడు. వేణు నా ఎదురుగా కూర్చున్నాడు. నేను హెడ్‌ఫోను పెట్టుకొని ఒక కుప్పకు ధర కొట్టాను. వాసవి చెవిలో చెప్పింది. ఇంకొకటి కొట్టాను. మూడోది కొడుతుండగా వేణు అడిగాడు.

"మామా, ఆ ఎడమచేత్తో ఏం చేస్తాండావు?"

"ఏ ఎడమచెయ్యి?"

"బల్ల మీద పెట్టుకున్నావే. బొటనేలు అన్ని వేళ్ల మీదా తిరుగుతాండాది."

తలుపు దగ్గర నుంచి లేవి నవ్వాడు. వాడికి ఎప్పుడు నవ్వాలో తెలియదు.

"అదే కదప్పా ధర! దినామూ చెప్తానే ఉండాడు కదా సెట్టి. నిన్న పుచ్చు కుప్పకు ఎక్కువ చూపిచ్చి కేశవులు సెట్టిని ముంచితే, కావాలనే చేస్తాండాడేమో అనుకుంటి."

నా బొటనవేలు అప్పుడు చూపుడువేలి రెండో కణుపు మీద ఉంది. అది నేను కొట్టిన అంకే. తువ్వాలు పోయిందని నాకు తెలుసు. నా చేతికి ఎవరూ చెప్పలేదు. నేను కుడిచేత్తో మీటలు నొక్కుతుంటే ఎడమచేయి అదే కుప్ప నంబరునూ అదే ధరనూ వెలుతురులో, వేళ్ల లెక్క తెలిసిన అంతమంది కళ్ల ముందు పలుకుతూ కూర్చుంది.

కేశవులు గొంతు సవరించుకున్నాడు. "అన్నా, నువ్వు బాహాటంగా చెప్తాంటే నేను చూడకుండా ఎట్లుండాల? కండ్లు కట్టుకోని కూచోవాల్నా?"

"ఒక మాట చెప్పుండొచ్చు గదా మామా" అన్నాడు వేణు.

"వ్యాపారమప్పా ఇది. నువ్వు కంప్యూటర్లు చేసుకో."

మిగతావాళ్లూ రోజూ నా చేయి చూసినవాళ్లే. వాళ్లందరూ నా ఇంట్లో అన్నం తిన్నవాళ్లు. రాజ్యలక్ష్మి చావుకు వచ్చినవాళ్లు. ఒక్కడన్నా నా చేయి తట్టి ఉంటే సరిపోయేది. నేను హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాను. లేవి చేయి అందించబోతే విదిలించి, గోడ పట్టుకొని బయటికి వచ్చాను.

వేణు వెనకే పరిగెత్తి వచ్చాడు. "తప్పు నాది మామా. ప్రోగ్రాం చూస్తి గానీ నువ్వు ఎట్ల వాడతాండావో చూడల్యా" అన్నాడు.

అది నిజం. ఎన్నిసార్లు వచ్చినా తెర చూశాడు, మీటలు చూశాడు, నా చెవిలో తీగ చూశాడు. పక్కనే ఉన్న చేయి చూడలేదు. గుడ్డివాడి కోసం చేశానన్నవాడు గుడ్డివాణ్ణి చూడలేదు. నేను వాడి మీద వేసిన నింద తప్పని వాడు అనుకుంటూ ఉండవచ్చు. నేను ఒక్క మాట కూడా వెనక్కు తీసుకోలేదు. పెళ్లికి పోలేదు.

పెళ్లయిన కొన్నాళ్లకు యార్డు గుమాస్తా ఇంటికి వచ్చి, ప్రోగ్రాం మార్చారని, ఒకసారి వచ్చి చూడమని చెప్పాడు. పోకూడదనుకున్నాను. దుకాణం ఖాళీగా ఉంది కాబట్టి పోయాను. ఇప్పుడు ఎడమ పక్కన రెండు మీటలు ఎడమచేతి వేళ్లతో నొక్కి పట్టుకుంటేనే కంప్యూటరు మాట్లాడుతుంది, ధర తీసుకుంటుంది. చేయి ఎత్తితే మూగబోతుంది. బొటనవేలు ఒక మీట మీద, మిగతా వేళ్లు ఇంకొక మీట మీద. వేళ్ల మీద తిరగడానికి బొటనవేలికి చోటు లేదు. ఆ రోజు నేను అడిగిన రెండు కుప్పలూ నాకే వచ్చాయి.

అలా చేయి అణిచిపెట్టుకొని కూర్చున్నప్పుడే నాకు ఇంకొక సంగతి తట్టింది. నాకు చూపు పోయినప్పటి నుంచి రాజ్యలక్ష్మి యార్డుకు వెంట వచ్చేది. నేను కుడిచేత్తో కొమ్ములు విరిచి చూసి మనసులో ధర కట్టుకున్నంతసేపూ నా ఎడమ చేయి పట్టుకొని నిలబడేది. గట్టిగా, వేళ్లన్నీ కలిపి. పడిపోతానని భయమేమో అనుకునేవాణ్ణి. నలుగురిలో ఇదేం పట్టుకోవడమని విదిలిస్తే మళ్లీ పట్టుకునేది. ఆమె మండీ సాహుకారి కూతురు. వేళ్ల లెక్క ఆమెకు తెలియనిది కాదు.

చూసింది. నా వేళ్లు పలకకుండా మూసిపెట్టింది. చెప్పలేదు. మంచాన పడ్డాక బియ్యం ఎక్కడ, తాళాలు ఎక్కడ, నా మందులు ఎక్కడ, అన్నీ ఒకటికి రెండుసార్లు చెప్పిపోయింది. ఇది మాత్రం చెప్పలేదు. బాధపడతాననుకుందో, తాను ఉంటాననే అనుకుందో, నాకు అనవసరం. ఆ గదిలో కూర్చున్నవాళ్ల వరుసలో ఆమెను కూడా కూర్చోబెట్టాను.

రోజూ యార్డుకు పోతున్నాను. చెవిలో ఇప్పటికీ కేశవులు కూతురి గొంతే. మార్చమని వేణును అడగలేదు. అడగాలంటే వాడితో మాట్లాడాలి. కేశవులు అప్పుడప్పుడు పక్కకు వచ్చి, "ఏమన్నా, ఇంగా కోపమేనా?" అంటాడు. నేను మీటల మీద చేయి పెట్టుకొని కూర్చుంటాను.

అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి ఒకసారి రాసిపెట్టాను. ఇంక ఈ మాట నేను ఎత్తను. ఎవరు ఎత్తినా లేచి వెళ్లిపోతాను.