రెండు కుట్ల సంచి

ఆమె దర్జీ, ఆమె మొగుడి ఉద్యోగం గబ్బిలాలను తూచడం. నవ్వేవాళ్లు నవ్వండి, ఆమె మాత్రం పాతికేళ్ల క్రితమే నవ్వడం మానేసింది. గడ్డి మైదానాల్లో ఎగిరే బొటనవేలంత గబ్బిలాన్ని వలవేసి పట్టి, ఆమె కుట్టిచ్చిన గుడ్డసంచిలో వేసి త్రాసు కొక్కేనికి తగిలిస్తాడు. వచ్చినదాంట్లోంచి సంచి బరువు ఐదు గ్రాములు తీసేస్తాడు. మిగిలింది గబ్బిలం. ఎప్పుడు చూసినా నాలుగు గ్రాములే.

ఈ ఏడాది పట్టిన ముప్పై గబ్బిలాలూ ఐదేసి గ్రాములు తూగాయి.

"కొత్త జాతి!" అంటూ చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. "బరువు తేడా అనుకున్నాక ముక్కు కూడా తేడాగానే కనిపిస్తోంది. దానికి నీ పేరే పెడుతున్నా. రేపే సైన్సు పత్రికకి వ్యాసం పంపిస్తా."

ఆమె పేరు ఇంతవరకూ ఎవరూ దేనికీ పెట్టలేదు. ఆఖరికి ఆమె కుట్టుకొట్టు బోర్డు మీదా మామగారి పేరే ఉంది. అలాంటిది ఒక జాతి జాతంతా ఆమె పేరుతో ఎగరబోతోంది! పట్టరాని సంతోషంతో ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పేసింది.

తీరా మిషన్ ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. పోయినేడు సంచి కుట్టు ఊడి ఒక గబ్బిలం పారిపోతే, ఈ మహానుభావుడు రెండు రోజులు ముద్ద ముట్టలేదు. అందుకే ఈసారి సంచులన్నిటికీ అంచు మడతపెట్టి రెండేసి కుట్లు వేసింది.

నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆలోచిస్తూ ఒక జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టింది. అవి ఊడదీసి, లేచి వెళ్లింది.

"ఏమండీ, ఉత్త సంచిని తూచారా?"

"తూచేదేముంది? ఇరవై ఏళ్లుగా ఐదేగా!"

"ఈసారివి తూచండి."

తూచాడు. ఆరు. త్రాసును వేలితో తట్టి మళ్లీ తూచాడు. ఆరే. కుర్చీలో కూలబడ్డాడు.

"గట్టిగానే కుట్టావు," అన్నాడు సంచి అంచు లాగి చూస్తూ.

"మీరు తిండి మానేస్తే చూడలేక కుట్టాను," అంది. ఏడుపొచ్చింది. గబ్బిలం పోయిందని ఏడ్చిన దర్జీ ఇంకెక్కడా ఉండదు.

మర్నాడు వ్యాసం వెళ్లింది. అదే పాత జాతి, అవే నాలుగు గ్రాములు. పంపేముందు ఒక పేజీ ఆమె చేతికిచ్చాడు. వల ఎవరు చేశారో, త్రాసు ఎవరు చేశారో అతని వ్యాసాల్లో ఎప్పుడూ ఉండేదే. దాని కింద ఈసారి కొత్తగా ఒక లైను: సంచి, ఆరు గ్రాములు, రెండు కుట్లు. పక్కన ఆమె పూర్తి పేరు.

మూడుసార్లు చదువుకుని ఆడపడుచుకి మళ్లీ ఫోన్ చేసింది.

"వదినా, గబ్బిలానికి కాదు. సంచికి."