రెండో ఎర్ర తీగ

రెండుండాలి కదా, ఒకటే ఉందేమిటి, పిన్నీసు కోసం సంచి పక్క జిప్పులో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది, వేళ్ల మధ్య మూరెడు ఎర్ర తీగ, రెండు కొసలకీ క్లిప్పులు, ఇది నాదే, నా రెండు తీగల్లో ఒకటి, మరి రెండోది ఏది, పిన్నీసు దొరికిందా అండీ అని కింది మెట్ల మీంచి మా ఆవిడ కేక, ఆవిడ పక్కన వాళ్లక్క, మా వదిన, మోకాళ్లు పట్టుకుని నిలబడి ఇన్ని మెట్లున్నాయే, మీరు ఇక్కడొక లిఫ్టు పెట్టకూడదూ మరిదిగారూ అంటోంది, పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి ఆ జోకు, వాళ్ల వెనక నది, ఎండలో కళ్లు చెదిరేంత నది, పడవలు, తడిబట్టలు, గంటలు, వేలమంది జనం, పదకొండేళ్లుగా మా ఆవిడ కలవరించిన ఊరు ఇది, నేనేమో జిప్పు లోపల తడుముతున్నాను, పిన్నీసు ఉంది, బిళ్లల డబ్బా ఉంది, ఒక స్క్రూ ఉంది, రెండో తీగ లేదు.

ఎక్కడికీ పోదులే, ఇది నా పనిముట్ల సంచి, జిప్పు గట్టిదని ప్రయాణానికి ఇదే కావాలంది, మొన్న నేను పని నుంచి రాగానే పనిముట్లన్నీ తనే తీసి రంగు డబ్బాలో పోసింది, తీగ కూడా అందులోనే పోసి ఉంటుంది, మెట్లు దిగి పిన్నీసు ఇచ్చి, ఇదుగో, నువ్వు సంచి ఖాళీ చేసినప్పుడు ఎర్ర తీగ ఇంకోటి చూశావా అన్నాను, ఆవిడ కొంగుకి పిన్ను పెట్టుకుంటూ, ఇక్కడికొచ్చి కూడా తీగలేనా, ఆ సంచిలో ఏమున్నాయో నాకు తెలియదు, బోర్లించాను అంతే, తీగ లేదు గీగ లేదు, పంతులుగారు పిలుస్తున్నారు రండి అంది, వదిన వెంటనే, పుణ్యానికి కూడా కనెక్షన్ ఇవ్వాలేమోనే మీ ఆయన అని నవ్వింది, నేనూ నవ్వాను, మొహం మాత్రమే నవ్వింది, ఎందుకంటే తీగ చివరిసారి నా చేతిలో ఎప్పుడుందో నాకిప్పుడు గుర్తొస్తోంది.

మొన్న మధ్యాహ్నం, ఆసుపత్రి వెనక లిఫ్టు, మూడో అంతస్తు తలుపు దగ్గర ఏదో తేడా, తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్టు కదలాలి, అది దానికి మేం పెట్టిన కట్టుబాటు, ఆ తలుపు లైనులో తప్పు వెతకాలంటే ఈ ఎర్ర తీగ తగిలించి లిఫ్టుకి అబద్ధం చెబుతాం, తలుపు మూసే ఉందిలే పద అని, పని కాగానే తీగ పీకేస్తాం, పీకకపోతే లిఫ్టు ఆ అబద్ధాన్నే పట్టుకుని వేలాడుతుంది, తలుపు బార్లా తెరిచి ఉన్నా కదిలిపోతుంది, ఎక్కే మనిషి కాలొకటి లోపల కాలొకటి బయట ఉండగానే, అందుకే తీగ ఎర్రగా ఉంటుంది, అందుకే లెక్కపెట్టి తీసుకెళ్లి లెక్కపెట్టి తెచ్చుకుంటాం, ముప్ఫై ఒక్క ఏళ్లుగా లెక్కపెట్టాను, మొన్న లెక్కపెట్టానా, మా ఆవిడ ఫోను, టిక్కెట్లు మీ దగ్గరున్నాయా, మళ్లీ ఫోను, ఆటో వచ్చేసింది, మళ్లీ ఫోను, అక్క ఏడుస్తోంది రైలు పోతుందని, ఆఁ ఆఁ వస్తున్నా అంటూ పైన మెషిన్ రూములో ప్యానెల్ తలుపు మోకాలితో నెట్టిన చప్పుడు గుర్తుంది, తీగ పీకిన చెయ్యి మాత్రం గుర్తుకు రావడం లేదు, ఎంత తవ్వినా గుర్తుకు రావడం లేదు.

టైము తొమ్మిది ఇరవై అయిదు, మొన్నటి నుంచి ఆ లిఫ్టు మూసే ఉంది, లోపల నేల మీద కొత్త షీటు వేసి ఇవాళ పదింటికి తెరుస్తామన్నారు, పంతులు పేరు అడుగుతున్నాడు, చెప్పాను, ఇంటిపేరు అడుగుతున్నాడు, అదీ చెప్పాను, సంకల్పం చెబుతాను అనండి బాబూ అంటున్నాడు, మా ఆవిడ మోచేత్తో పొడుస్తోంది, ఒక్క నిమిషం పంతులుగారూ అని నాలుగు మెట్లు పైకి పరుగెత్తి ఆసుపత్రి వాచ్‌మన్‌కి ఫోను చేశాను, వాడు హుషారుగా, ఆహా మేస్త్రిగారూ, పుణ్యక్షేత్రం నుంచా, నా పేరు మీద కూడా ఒక మునక వెయ్యండి అన్నాడు, వేస్తాను గానీ వెనక లిఫ్టు ఎలా ఉంది అన్నాను, అబ్బో, పిచ్చి స్పీడు సార్, పొద్దున షీటు పనివాళ్లు వెళ్లాక నేనొక్కణ్నే రెండుసార్లు తిరిగాను, ఇదివరకు తలుపు మూసుకుని, ఆగి, ఆలోచించుకుని కదిలేది, ఇప్పుడు తలుపు సగంలో ఉండగానే బయలుదేరుతోంది, ఏం చేశారు సార్ దాన్ని, అని మెచ్చుకున్నాడు, మెచ్చుకున్నాడు వాడు నన్ను.

ఎవర్నీ ఎక్కనివ్వకు అన్నాను, అదెలా సార్, పదింటికి నాలుగో అంతస్తుకి పేషెంట్లని ఎక్కించాలి, హెడ్‌నర్సమ్మ ఇప్పుడే అడిగింది, కరెంటు తేడాగా ఉంది, ఎక్కనివ్వకు అన్నాను, ఎందుకలా అన్నాను, నోటికి కరెంటు అని ఎలా వచ్చింది, కరెంటు బ్రహ్మాండంగా ఉంది సార్ అన్నాడు, సరే కింద తలుపుకి కుర్చీ అడ్డం పెట్టు, మెషిన్ రూముకెళ్లి పెద్ద మీట దించెయ్యి అన్నాను, నేనా, ఆ గదిలో చెయ్యి పెట్టను, కిందటేడు షాక్ కొట్టి మూడు రోజులు మంచంలో ఉన్నా, అయినా కింద కుర్చీ పెడితే పైన నాలుగంతస్తుల్లో ఎవరు పెడతారు, మీ ఓనరు మనిషిని పంపితే తాళం ఇస్తా, మా ఓనరు, ఊరికి ఆ చివర ఉంటాడు, ఇప్పుడు చెప్పినా మనిషి వచ్చేసరికి నలభై నిమిషాలు, ఇప్పుడు తొమ్మిదిన్నర, చక్రాల కుర్చీని వార్డువాళ్లు ఎప్పుడూ వెనక్కి నడుస్తూ లాక్కెళతారు, లిఫ్టు వైపు వీపు పెట్టి, చూడరు, తలుపు తెరుచుకున్న చప్పుడు చాలు వాళ్లకి, నేను ఎన్నోసార్లు చూశాను ఆ వీపుల్ని, ఏమీ కాకపోవచ్చు, రెండ్రోజులు తీగ అలాగే ఉండిపోయినా ఏమీ కాని రోజులున్నాయి, తాబేలుది అలాగే కదా.

తాబేలు, మేం పెట్టిన పేరే, ప్రతి స్క్రూ మూడుసార్లు తిప్పి చూసేవాడు కాబట్టి, పంతొమ్మిదేళ్లు ఇద్దరం ఒకే సంచి మోశాం, ఒకే డబ్బాలో తిన్నాం, నాలుగేళ్ల కిందట బట్టల దుకాణం లిఫ్టులో పనిచేస్తుంటే కూతురు ప్రసవించిందని వాడికి ఫోనొచ్చింది, ఆ సంబరంలో తీగ వదిలేసి పరుగెత్తాడు, రెండ్రోజుల తర్వాత నేను వెళితే ప్యానెల్‌లో కనబడింది, పట్టుకెళ్లి ఓనరు బల్ల మీద పెట్టాను, మరిచిపోయేవాడికి ఈ పని ఎందుకండీ అన్నాను, వాడి ముందే అన్నాను, అది నా డ్యూటీ, ఎవడైనా అదే చేస్తాడు, వాణ్ని ఆ రోజే తీసేశారు, మరుసటి నెల నన్ను హెడ్ మెకానిక్‌ని చేశారు, అది వేరే సంగతి, వాడు ఆసుపత్రికి ఎదురుగా మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు, ఎదురుగా, రోడ్డు దాటితే చాలు, ఇది నాకు ఎప్పుడు తట్టింది, వాచ్‌మన్ మాట్లాడుతున్నప్పుడే తట్టింది, తట్టినా అయిదు నిమిషాలు పక్కకి నెడుతూ కూర్చున్నాను, తొమ్మిది ముప్ఫై అయిదు.

ఏవండీ, పంతులుగారు వేరేవాళ్లని పిలుచుకుంటున్నారు, అని మా ఆవిడ తడి కాళ్లతో మెట్లెక్కి వచ్చింది, నా మొహం చూసి ఆగిపోయింది, ఏమైందండీ, ఎవరైనా పోయారా, ఇంకా లేదు అన్నాను, ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా, మళ్లీ వాచ్‌మన్‌కి చేశాను, రోడ్డు దాటి తాబేలుకి ఫోనివ్వు, పరుగెత్తు, ఏమని చెప్పను సార్, మీ ఇద్దరికీ మాటల్లేవు కదా, ఏమీ చెప్పకు, ఇవ్వు అంతే, చెవిలో హారన్లు, బస్సు, వాడి రొప్పు, ఇక్కడేమో పడవవాడు రండి రండి అంటూ నా భుజం తడుతున్నాడు, వదిన వాణ్ని కసురుతోంది, చెవిలో మిక్సీ గరగర ఆగింది, ఎవరూ, అదే గొంతు, మెల్లగా, మెట్టు మెట్టుకీ ఆగే గొంతు.

నేనే అన్నాను, ఆసుపత్రి వెనక లిఫ్టులో నా తీగ ఉండిపోయింది, తలుపు లైనులో, మొన్న వదిలేశాను, పదింటికి జనాన్ని ఎక్కిస్తారు, ఒక్క ఊపిరిలో చెప్పేశాను, నువ్వా అన్నాడు, ఊఁ, నేనే, నువ్వు మరిచిపోయావా, మరిచిపోయానురా, తిట్టు, తర్వాత ఎంతైనా తిట్టు, అప్పుడు వాడు నవ్వుతాడనుకున్నాను, నేనైతే నవ్వేవాణ్ని, ఏ టెర్మినల్ అన్నాడు, పై వరసలో ఎడమ నుంచి అయిదూ ఆరూ, సరే, స్క్రూడ్రైవర్ తీసుకున్నా, ఏయ్ వాచ్‌మనూ, తాళం ఇలా ఇచ్చి నువ్వు ఒక్కో అంతస్తులో అరుచుకుంటూ నా వెనక రా, లిఫ్టు జోలికి పోవద్దని అరువు, ఫోను జేబులో వేసుకున్నట్టున్నాడు, గుడ్డ రాపిడి, చెప్పులు, మెట్లు, మొదటి అంతస్తు, వాడికి నడుం నొప్పి ఉండేది, రెండో అంతస్తు, తొందరగా అనలేను, నాకా హక్కు లేదు, ఎవరో పిల్ల ఏడుపు, మూడో అంతస్తు, ఎవరమ్మా అది, వెనక్కి, వెనక్కి రండమ్మా, బండి వెనక్కి లాగండి, అది వాడి గొంతే, తాబేలు ఇంత గట్టిగా అరవగా నేనెప్పుడూ వినలేదు, తర్వాత నాలుగో అంతస్తూ దాటి పరుగు, నిజంగా పరుగు, ఇనప తలుపు, దబ్బుమని మీట దిగిన చప్పుడు.

అప్పుడు నేను కూర్చుండిపోయాను, తడిమెట్టు మీద, పంచె తడిసిపోతున్నా, దించేశానురా అన్నాడు, తీగ కనబడింది, ఉండు, చేతులు వణుకుతున్నాయి, క్లిప్పు జారిపోతోంది, ఛ, ఇలా వణుకుతాయేంట్రా, ఆఁ వచ్చింది, ఎవరూ ఎక్కలేదు, ఎవరూ ఎక్కలేదులే, అని తనకి తనే చెప్పుకుంటున్నాడు, నాతో కాదు, కాసేపటికి నేను గుర్తొచ్చి, మీ ఓనరుకి నువ్వే చెప్పుకో, ఆ మనిషితో నాకు మాటల్లేవు, నీతోనూ లేవు, అని పెట్టేశాడు.

చెబుతాను, ఇప్పుడే చెబుతాను, తీసేస్తే తీసేస్తాడు, అది కాదు నన్ను కుదురుగా ఉండనివ్వనిది, మా ఆవిడ పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది, గండం గడిచిందా అంది, గడిచింది అన్నాను, మరి రండి, మునిగి లేద్దాం, అన్నీ పోతాయి అంది, ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది, నది అలాగే పోతోంది, వాడి చేతులు వణికాయి, ఎవరిదో తీగకి, తనని వీధిలో పడేసినవాడి తీగకి వాడి చేతులు వణికాయి, ఆ రోజు బట్టల దుకాణంలో వాడి తీగ కనబడినప్పుడు నా చేతులు వణకలేదు, దాన్ని నెమ్మదిగా పీకాను, జేబురుమాల్లో చుట్టాను, రెండ్రోజుల్లో ఎవరికైనా దెబ్బ తగిలిందా అని కింద అడగను కూడా లేదు, ఓనరు అడిగాకే ఆ ఊహ వచ్చింది, దారి పొడుగునా జేబు తడుముకుంటూ నడిచాను, ఈల వేసుకుంటూ కూడా నడిచానేమో, నాలుగేళ్లుగా దానికి డ్యూటీ అని పేరు పెట్టుకున్నాను, ఏవండీ, ఏమిటి ఆలోచిస్తున్నారు అంది మా ఆవిడ, ఆ రోజు నాకు సంతోషం వేసింది అన్నాను, ఏ రోజండీ, ఆవిడకి అర్థం కాలేదు, మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి, చెబుతాను, వాడి తీగ దొరికిన రోజు, నాకు చాలా సంతోషం వేసింది.