ఎర్ర దీపం మీద నల్ల టేపు

టైలరమ్మకు ఏడుపు రాలేదు. పొద్దున్నించీ అదే తంతు. అక్క కొడుకు తీస్తున్న షార్ట్ ఫిల్ముకు అది ఆఖరి రోజు, మిగిలింది ఒకే ఒక్క షాట్. కొడుకు పోయాడన్న కబురు ఫోన్‌లో విని తల్లి కుప్పకూలాలి. ఆవిడేమో ఫోన్ చెవిన పెట్టుకోగానే పక్కున నవ్వేది. అవతల ఎవరూ లేని ఫోన్ పట్టుకుని ఏడవమంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు, మీరే చెప్పండి!

నటిని చేయమని ఆవిడ ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. "పిన్నీ, నువ్వు తప్ప నాకు దిక్కులేదు" అని వాడే వచ్చి బతిమాలితే, కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి తన కుట్టుగదినే షూటింగుకు అప్పగించింది. వచ్చినవాళ్లందరికీ వండి పెట్టింది కూడా. మొదటిరోజు కెమెరాను చూసి బిగుసుకుపోతే వాడే పక్కన కూర్చుని ధైర్యం చెప్పాడు.

"కెమెరా మీద ఆ ఎర్ర దీపం చూశావా పిన్నీ? అది వెలిగితే నటన. ఆరిందా, ఇక నీ ఇల్లు, నీ ఇష్టం. అంతే."

ఆ మాట ఆవిడ మనసులో నాటుకుంది. దీపం వెలిగితే ముఖం సర్దుకునేది. ఆరగానే అమ్మయ్య అని కాళ్లు చాపుకునేది.

మధ్యాహ్నానికి డైరెక్టరుగారు విసిగిపోయారు. సాయంత్రానికల్లా లైట్లు తిరిగి ఇచ్చేయాలి మరి. "పోనీలే పిన్నీ, కాస్త టీ తాగు. తర్వాత చూద్దాం" అన్నాడు. ఆవిడ కెమెరా వంక చూసింది. దీపం లేదు. నిశ్చింతగా గ్లాసు అందుకుంది.

అప్పుడే ఆవిడ సొంత ఫోన్ మోగింది. చేసింది కూతురు, ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసే పిల్ల.

"అమ్మా, నాన్న పరంజా మీంచి పడ్డాడు. మా ఆసుపత్రికే తీసుకొచ్చారు. స్పృహ లేదు. తొందరగా రా."

మేడలకు రంగులు వేసే మనిషితో కాపురం చేసే ఆడదానికి, ఆ ఫోన్ ఏ రోజు వస్తుందోనన్న బెంగ ఎప్పుడూ ఉంటుంది. గ్లాసు జారి వేడి టీ ఒళ్లో పడినా ఆవిడకు తెలియలేదు. నేల మీద చతికిలబడిపోయింది.

"ఒరేయ్, బాబాయి పడిపోయాడట్రా... ఆటో పిలవరా..." అని వాడి వైపు చేతులు చాపి ఏడ్చింది. వాడు కదిలితేగా! చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాడు.

"కట్! ఓకే! అదరగొట్టావు పిన్నీ!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కొట్టారండీ, చప్పట్లు!

"బాబాయికేం కాలేదు పిన్నీ, ఊరికే అన్నాం. ఏడుపు సహజంగా రావాలంటే ఇదొక పద్ధతి" అని నవ్వుతూ లేవదీయబోయాడు. ఆవిడ వాడి చెయ్యి విదిలించి కొట్టి, ముందు మొగుడికి ఫోన్ చేసింది. "ఏంటే, పనిలో ఉన్నాను" అని ఆయన విసుక్కున్నాడు. ఆ విసుగు వింటే గానీ ఆవిడ ప్రాణం కుదుటపడలేదు. "ఏం లేదు, జాగ్రత్తగా దిగు" అని పెట్టేసి, కూతురికి చేసింది.

"అదేంటమ్మా! నీకు తెలుసనే చెప్పాడుగా అన్నయ్య. రిహార్సల్ అన్నాడు, పంపింది ఉన్నదున్నట్టు చదవమన్నాడు" అని ఆ పిల్ల అటునుంచి బావురుమంది.

అంటే తల్లినీ బిడ్డనూ ఒకే దెబ్బకు వాడుకున్నాడన్నమాట. టైలరమ్మ లేచి కెమెరా దగ్గరికి వెళ్లింది. దీపం ఉండాల్సిన చోట గోరంత నల్ల టేపు అంటించి ఉంది. టేపు అంచు నుంచి ఎర్రటి వెలుగు సన్నగా కనిపిస్తోంది. దీపం ఆరనే లేదు. దానికి గంతలు కట్టారు!

"చెరిపెయ్" అంది.

"ఏంటి పిన్నీ?"

"ఇప్పుడు తీసింది. నా ఏడుపు. చెరిపెయ్."

"నీకు దండం పెడతాను పిన్నీ. సినిమా అంతా ఆ ఒక్క షాట్ మీదే నిలబడుతుంది. పోటీకి పంపుతున్నాను. అయినా ఇప్పుడేమైందని? బాబాయి నిక్షేపంలా ఉన్నాడుగా!"

ఏమైందట! తిన్నింటి వాసాలు లెక్కపెట్టి, పైగా ఏమైందని అడుగుతున్నాడు. ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమీ కాలేదు కదా? సరే. నీ ఫోన్ తియ్యి. మా అక్కకు చెయ్యి. మీ నాన్నను లారీ గుద్దిందని చెప్పు. ఆ ఏడుపు పెట్టుకో నీ సినిమాలో. నాకంటే మా అక్క బాగా ఏడుస్తుంది, చిన్నప్పట్నించీ చూస్తున్నాను."

వాడు నవ్వబోయాడు. ఆవిడ ముఖం చూసి ఆ నవ్వు మింగేశాడు.

"పిన్నీ, ఏంటిది..."

"చెయ్యరా! సహజంగా వస్తుంది. నీ పద్ధతే కదా?"

ఫోన్ తీశాడు. అమ్మ నంబరు దాకా వెళ్లాడు. అక్కడ వేలు ఆగిపోయింది.

"అమ్మకు బీపీ పిన్నీ" అన్నాడు నెమ్మదిగా. "తట్టుకోలేదు."

"మరి నేను తట్టుకుంటానని నీకెవరు చెప్పార్రా?"

కెమెరామన్ వాడిని అడగలేదు, వాడి వైపు చూడను కూడా లేదు. తనే వంగి ఆ షాట్ చెరిపేశాడు.