వీపుకు వీపు

ఇనుము తీసే కొండమట్టికి రేటెక్కి, దారులన్నీ టిప్పర్లే అయిపోయిన రోజులవి. డబ్బు ఎవరికి చేరిందో గాని, దుమ్ము మాత్రం ఎవరినీ తక్కువ చేయలేదు. సత్యనారాయణపేట రాహేలుకు పదేళ్లు ఇనుపరాయి కొట్టిన పుణ్యమా అని ఊపిరితిత్తులు చెడిపోయాయి.

అలాంటివాళ్లు పదిమంది చర్చి వెనక గదిలో కూడేవారు. కూరెకుప్ప ఊళ్లోనూ అలాంటి గుంపే ఉండేది. ఏ ఊళ్లో దుమ్ము లేస్తే ఆ ఊరి రోగులంతా ఒకేసారి మంచమెక్కుతారు, ఇక ఒకరికొకరు ఏం సాయపడతారు? అందుకని రెండు గుంపులూ మాట్లాడుకున్నాయి. ఇక్కడ గాలి చెడితే అక్కడివాళ్లు రావాలి, అక్కడ చెడితే ఇక్కడివాళ్లు పోవాలి. వచ్చినవాళ్లు రోగి వీపుకు వీపు ఆనించి కూర్చుని, నిదానంగా ఊపిరి తీస్తారు. రోగి తన ఊపిరినీ ఆ ఊపిరి వెంబడే నడపాలి. మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు.

ఆరోజు మధ్యాహ్నం రెండింటికే ఇల్లు ఎర్రగా మసకబారింది. రాహేలు ఫోన్ చేస్తే కూరెకుప్ప కోదండరామి ఎత్తాడు. టిప్పరు తోలి తోలి ఆయన రొమ్మూ అంతంతమాత్రమే.

"వస్తాండాం రాహేలమ్మా. దుమ్ము చూసి ముందే నేనూ హొన్నూరప్పా బస్సెక్కినాం. తలుపు తీసి పెట్టు."

ఆమె గోడవైపు తిరిగి చాప మీద కూర్చుంది. గొంతు బిగుసుకుపోతోంది. ఈసారి దాటనేమోనని భయపడింది. కాసేపటికి వీపుకు వీపు తగిలింది. ఎడమ భుజం ఎత్తుగా ఉండే ఆ వీపు కోదండరామిదే. అడుగుల చప్పుడు మాత్రం వినబడలేదు. వీపు మంచులా చల్లగా ఉంది.

ఊపిరి మొదలైంది. ఆమె దాన్ని పట్టుకుని నడిచింది. గొంతు సడలింది.

కానీ ఆ ఊపిరి నిదానిస్తూనే పోయింది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ నడుమ సగం ప్రార్థన చెప్పుకునేంత ఎడం. రాహేలు కళ్లకు చీకట్లు కమ్మాయి. ఈ ఊపిరి ఆగిపోవడానికే పోతోందని, తననూ వెంట తీసుకుపోతోందని అప్పుడు తెలిసింది. లేచి వీధిలోకి పరుగెత్తవచ్చు. కానీ ఇన్నాళ్లూ తనను కాచిన వీపును వదిలి ఎలా పోతుంది?

ఆమె తిరగలేదు. వెంబడించడం మాత్రం మానేసింది. తానే ముందుండి, గట్టిగా, ఒకే తీరుగా ఊపిరి తీసింది. చాలాసేపటికి వెనక ఊపిరి తడబడి, ఆమె ఊపిరిని అందుకుంది. కాసేపు రెండూ కలిసి నడిచాయి. ఆ తర్వాత వెనక ఎవరూ లేరు. పొద్దు వాలేదాకా ఆమె కదలలేదు.

హొన్నూరప్ప ఒక్కడే వచ్చాడు, నిలువెల్లా ఎర్రమట్టితో.

"కోదండరామన్న పోయినాడమ్మా. లారీలు అడ్డం పడి బస్సు కుడితిని కాడ నిలిచిపాయె. బస్సులోనే పోయినాడు. వాళ్లోళ్లు వచ్చి తీసకపోయినారు. నీ కాడికి ఎవురూ పోలేదని నేను లారీ పట్టుకోని వచ్చినా."

"శానా కష్టపడినాడా?"

"మొదట శానా. కండ్లు తేలేసినాడు. మళ్ల ఏందో, ఉన్నట్టుండి ఊపిరి సాఫుగా ఆడింది. నిమ్మళంగా పోయినాడు. వెనక ఎవురో కూచున్నట్టే ఉండె."

"కూచోనుండింది నేనేప్పా," అని రాహేలు ఏడ్చింది.