పిలిచినవాడే గాడిదనివ్వాలి

అయినా గాడిద వెన్ను ఇంత గట్టిగా ఉంటుందని ఎవరూ చెప్పరేం, అరవై ఎనిమిదేళ్లు బతికి ఇవాళే ఎక్కాను, పిర్రలు పచ్చడైపోతున్నాయి, మెత్తగా ఏదైనా పరవవయ్యా వోపిస్కుస్ అంటే, పరవనక్కర్లేదని కూడా చట్టం చెక్కిన ఆ కంచు పలక మీదే రాశారు, నీ కూతురు చెప్పలేదా అంటున్నాడు, చెప్పింది, నిజమే, గాడిదనివ్వాలి, మెత్త ఇవ్వనక్కర్లేదు, ఆ చట్టం రాసినవాళ్లు ఎంత కచ్చితమైన మనుషులమ్మా, వాళ్ల కడుపు చల్లగుండ, గాడిదనైనా ఇప్పించారు.

ఈ గాడిద ఇతను పట్టుకుంటే తప్ప అడుగు వేయదు, అందుకని ఈ కొండవాలంతా తనదే అయిన పెద్దమనిషి దుమ్ములో ముందు నడుస్తున్నాడు, వెనక నేను రాజులా ఊగుతూ, నవ్వకూడదు, నవ్వొస్తోంది, ఏమయ్యా పుపియుస్, దేనికా ఇకిలింపు అంటాడు, ఏం లేదు బాబూ, నడు నడు, ఎండెక్కుతోంది, మధ్యాహ్నంలోగా నేను న్యాయాధికారి ముందు లేకపోతే వచ్చినవాడిదే గెలుపు, నా చిక్కుళ్ల చేను పోతుంది, ఈ వోపిస్కుస్ వాళ్ల నాన్నదట అది, మా ఆవిడ మెకిలియా ముప్పై ఏళ్లు అందులో రాళ్లేరింది, ఆ నడుంనొప్పితోనే పోయింది, అదీ పోతే నేనూ నా కూతురూ ఓక్ కాయలు ఏరుకు తినాలి, ఈ మోకాళ్లు రావని వీడి ధీమా, పొద్దున సాక్షుల్ని వెంటేసుకొచ్చి గుమ్మం ముందు విచారణకు రమ్మని పిలిచి వెనక్కి తిరిగాడు, అప్పుడు మా అమ్మాయి పుపియా జావ గరిటెతో అడ్డంగా నిలబడింది, ఏమయ్యోయ్, పిలిచి పోవడమేనా, గాడిదేదీ, ఏ గాడిదే అన్నాడు, నాకు చదువు రాదు గానీ చెవులున్నాయి, ఫోరం సంతలో కూరలమ్ముతూ, ఆ పలకలు చదువుతుంటే ఏడాదిగా వింటున్నా, ముసలాణ్ణి పిలిస్తే పిలిచినవాడే పశువునివ్వాలి, మొదటి పలక, మొత్తం అప్పజెప్పమంటావా, సాక్షులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, నీ కూతురికి నోరెక్కువ అని ఇప్పటికీ గొణుగుతున్నాడు, అవును బాబూ, తల్లి పోలిక, ఆ నోరే నన్ను మోస్తోంది, చల్లగా ఉండాలి నా తల్లి.

ఇదిగో ఈ వంపు దగ్గరే మానియుస్ కూలబడ్డాడు, నా అన్న, ఆలివ్ చెట్టు మీంచి పడి కాలు విరిగితే వారం తిరక్కుండా విచారణకు పిలిచారు, పలకలు లేని రోజులు, మోచేతుల మీద పాక్కుంటూ బయల్దేరాడు, నేను మోయబోతే సిగ్గురా, వదులు అన్నాడు, వదిలేశానే, ఎందుకు వదిలేశానో, చేరేసరికి పొద్దు వాలింది, చేను పోయింది, కుంటివాడికి ఏ వెసులుబాటూ లేదా అయ్యా అని అప్పట్లో ధర్మం చెప్పే గొప్పింటి పూజారిని అడిగితే లేదన్నాడు, ధర్మం ఎక్కడుంది చూపించండంటే నా తలలో ఉంది అన్నాడు, తలలో ఉన్నదాన్ని ఎవడు చూస్తాడు, ఎవడు అడుగుతాడు.

వచ్చేశాం, మధ్యాహ్నమైందన్న కేక ఇంకా పడలేదు, దిగడానికి వోపిస్కుస్ భుజమే ఇచ్చాడు, ఇవ్వక చస్తాడా, పాపం చెమటలు కక్కుతున్నాడు, అవిగో కంచు పలకలు, నాకు అవన్నీ చీమల బారులే, ఏ వరుసలో ఉందో నా గాడిద, చెప్పు పెద్దాయనా, వింటున్నాం అంటున్నాడు న్యాయాధికారి, మెకిలియా గురించి చెప్పాలి, రాళ్ల గురించి చెప్పాలి, ఏడుస్తున్నానా నేను, దొంగల గురించీ హద్దుల గురించీ చావుల గురించీ రాస్తూ రాస్తూ ఈ పలకలు రాసినవాళ్లలో ఎవడో ఒకడు చెయ్యి ఆపి ఉంటాడు, ఆగండి, ముసలాడైతే ఎలా వస్తాడు పాపం అని ఉంటాడు, ఆ తల్లి కన్న బిడ్డ ఎవడో నాకు తెలియదు, వాడికి నేనూ తెలియను, అయినా నేను వస్తానని వాడు ముందే అనుకున్నాడు.